మేడ మీద గదిని హోం థియేటర్ చేద్దామని: ప్రొజెక్టరు, తెర సలహా కావాలి (రాజమండ్రి)

గోదారిగట్టు | రాజమండ్రి | 4 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. చాలాకాలంగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మేడ మీద ఖాళీగా పడున్న గదిని హోం థియేటర్ చేద్దామనుకుంటున్నాం. లోపలి కొలత 17 అడుగుల పొడుగు, పదకొండున్నర వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. తూర్పున ఉన్న పొట్టి గోడకి 4 × 4 కిటికీ, పడమటి గోడకి మెట్ల తలుపు. నేల విట్రిఫైడ్ టైల్స్, గోడలు ఐవరీ రంగు, నడిమధ్యన ఫాను, ఒకటిన్నర టన్నుల ఏసీ. బడ్జెట్ అన్నీ కలిపి నాలుగు లక్షలు. ఇంకో అరలక్ష లాగగలను గానీ ఆ సంగతి మా ఆవిడకి తెలీదు.

నా ప్లాను: 4కే డీఎల్‌పీ ప్రొజెక్టరు (చిప్పు మీది సన్నటి అద్దాలతో బొమ్మ వేసే రకం) ఒకటి చూసిపెట్టుకున్నాను. సంక్రాంతి ఆఫర్లో కొనేసి, వెనక గోడకి బిగించి, 150 అంగుళాల తెర వేద్దామని. షాపాయన "గది పొడుగుంది కదండీ, ఎంత బొమ్మైనా పడుతుంది" అన్నాడు.

ఇంకోటి. మా నాన్నగారు ముందు టూరింగ్ టాకీసులో, తర్వాత పర్మనెంట్ హాల్లో 22 ఏళ్లు ఆపరేటరుగా చేశారు. కార్బన్ కడ్డీలు వెలిగించి రీళ్లు నడిపిన మనిషి. ఆయన్ని మెప్పించాలి. అసలు కష్టం అదీ.

నైజాంనవాబు | హైదరాబాద్ | 4 జనవరి, రాత్రి 10:15

అన్నా, ఆర్డర్ పెట్టినవా? పెట్టకపోతే ఆగు.

నీ గోడ వెడల్పు 138 అంగుళాలు. తెర సైజు మూల నుంచి మూలకి చెప్తరు, 150 తెర అంటే వెడల్పే 131. ఇగ స్పీకర్లు యాడ పెడతవ్, నెత్తి మీదనా? తెర ఎత్తు ఆరడుగుల పైనే ఉంటది. 11 అడుగుల దూరంల సోఫా ఏస్తే నేల టికెట్ల మొదటి వరసల కూసున్నట్టే. హీరో ముక్కు చూస్తే చెవి కనవడదు.

ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత ఎమ్మార్పీ చూపించి "ఆఫర్" అంటే నమ్మకు.

చీకటిగది | గుంటూరు | 5 జనవరి, ఉదయం 6:20

గోదారిగట్టు గారూ, మీరు వెనక నుంచి ముందుకి వస్తున్నారు. అందరం అలాగే వస్తాం, నేనూ వచ్చాను, 60 వేలు పోగొట్టుకున్నాను. ముందు మిషన్ కొని తర్వాత దానికి గది వెతకడం అంటే చెప్పు కొని దానికి సరిపడా కాలు వెతకడం. కూర్చునే చోటు, తెర, వెలుతురు, ఆఖర్న మిషన్. ఈ వరసలో మీ గదికి లెక్క వేసి చూపిస్తాను, ఓపిగ్గా చదవండి.

సోఫాని వెనక గోడకి ఆనించొద్దు. గోడ పక్కన బాస్ ఉబ్బిపోతుంది, మాట ముద్దగా వినిపిస్తుంది. తెర నుంచి 11 అడుగుల దగ్గర వేయండి. సినిమాకి తెర మన కంటి ముందు ఓ 40 డిగ్రీలు పరుచుకుంటే బాగుంటుందని థియేటర్లు కట్టేవాళ్ల అంచనా. 30కి తగ్గితే టీవీ చూసినట్టే. తెర వెడల్పుని 1.37తో గుణిస్తే 40 డిగ్రీల దూరం వస్తుంది. 110 అంగుళాల తెర వెడల్పు 96 అంగుళాలు. గుణిస్తే 131, అంటే సరిగ్గా మీ 11 అడుగులు. ఫ్రేము పోగా తెరకి రెండు పక్కలా అడుగున్నర చొప్పున మిగులుతుంది, స్పీకర్లు కూర్చుంటాయి. వెనక గోడ దగ్గర ఇంకో దివాను వేస్తే అది మీ బాల్కనీ.

ఇక వెలుతురు. 110 అంగుళాల తెర దాదాపు 36 చదరపు అడుగులు. డిజిటల్ సినిమా హాళ్లలో తెర మీద కొలిస్తే 14 ఫుట్‌లాంబర్టులు (తెర వెలుగుకి కొలత) ఉండాలని లెక్క. పాత ఫిల్ము రోజుల్లో 16. చీకటి గదిలో మామూలు తెల్ల తెర మీద 16 రావాలన్నా మీకు కావలసింది 36 × 16, అంటే 576 ల్యూమెన్లు (మిషన్ చిమ్మే వెలుతురుకి కొలత). అంతే. 2,000, 3,000 అని పెట్టె మీద రాసింది చూసి భయపడకండి, ఆశపడకండి. ఆ అంకె బొమ్మ పచ్చగా పాలిపోయే మోడులో కొలిచింది. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడులో చాలాసార్లు అందులో సగమే మిగులుతుంది. బల్బు పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అయినా చీకటి గదికి చాలు. గదిలో వెలుతురుంటే మాత్రం ఎన్ని వేలున్నా చాలవు. ప్రొజెక్టరు నలుపు వెయ్యలేదు కదా, తెల్లదనం ఒక్కటే వేస్తుంది. తెర మీద కనిపించే నలుపు మీ గదిలోని చీకటే.

అందుకే ఐవరీ గోడలు పనికిరావు. తెర నుంచి మొదటి ఆరేడు అడుగుల మేర గోడలూ సీలింగూ మెరుపు లేని ముదురు బూడిదో ముదురు నీలమో వేయించండి. ఒక్క నల్లరంగు డబ్బా చేసే పని లక్ష రూపాయల ప్రొజెక్టరు కూడా చేయలేదు.

ఆఖరుది, చాలామంది మర్చిపోయేది: త్రో. లెన్సు నుంచి తెరకి దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే త్రో నిష్పత్తి. మీరు చూసిన డీఎల్‌పీ స్పెసిఫికేషన్ షీటులో అది ఎంతుందో చెప్పండి.

గోదారిగట్టు | రాజమండ్రి | 5 జనవరి, రాత్రి 8:05

1.2 నుంచి 1.5 అని ఉందండి.

చీకటిగది | గుంటూరు | 5 జనవరి, రాత్రి 8:30

అయితే అది మీ వెనక గోడకి పనికిరాదు. వెనక గోడకి బిగిస్తే మిషన్ మందం పోగా లెన్సు నుంచి తెరకి 16 అడుగులు, అంటే 192 అంగుళాలు. 1.5తో భాగిస్తే 128 అంగుళాల వెడల్పు బొమ్మ. జూమ్ చివరిదాకా తిప్పినా అంతకన్నా చిన్నది కాదు. మీ తెర 96. బొమ్మ స్పీకర్ల మీద, కిటికీ మీద, మీ నాన్నగారి చొక్కా మీద కూడా పడుతుంది.

దానికి చోటు తెర నుంచి తొమ్మిదిన్నర, పన్నెండు అడుగుల మధ్య, సీలింగుకి. అంటే మీ నెత్తి మీద. మిషన్ ఫాను చప్పుడు, వేడి గాలి అక్కడే. పైగా లెన్స్ షిఫ్ట్ (మిషన్ కదపకుండా బొమ్మని పైకీ కిందికీ జరిపే వీలు) లేని మిషన్ అయితే లెన్సు తెర పై అంచుకి నాలుగైదు అంగుళాలు పైన ఉండాలి, మీ ఎత్తుకి రెండడుగుల గొట్టం దింపాలి. కీస్టోన్ ఉందిగా అంటారు షాపువాళ్లు. కీస్టోన్ అంటే బొమ్మని డిజిటల్‌గా నలిపి దీర్ఘచతురస్రం చేయడం, పిక్సెళ్లు పోతాయి. అది అత్యవసరానికి, రోజూ వాడకానికి కాదు.

నైజాంనవాబు | హైదరాబాద్ | 5 జనవరి, రాత్రి 8:41

నడిమిట్ల ఫాను ఉందన్నడు కదా. కిరణం ఫాను రెక్కల నుంచి పోతే బొమ్మ మొత్తం టపటపా కొట్టుకుంటది. మా బామ్మర్ది ఇంట్ల అయింది, రెండు దినాలు ప్రొజెక్టరే కరాబైందనుకున్నరు.

ఒకేబొమ్మ | బెంగళూరు | 6 జనవరి, మధ్యాహ్నం 1:10

ఇంత గొడవెందుకు, 85 అంగుళాల టీవీ కొనుక్కోవచ్చుగా? పగలు క్రికెట్ కనిపిస్తుంది, గోడలకి నల్లరంగు అక్కర్లేదు, నలుపు నలుపులా ఉంటుంది.

చీకటిగది | గుంటూరు | 6 జనవరి, మధ్యాహ్నం 1:50

నిజమే, తీసిపారేసే మాట కాదు. హాల్లో పగలు చూసే ఇంటికి నేనూ టీవీనే కొనమంటాను. కానీ 110 తెర విస్తీర్ణం 85 టీవీ కన్నా మూడింట రెండొంతులు ఎక్కువ. ఈయనది మేడ మీద వేరే గది, చీకటి చేసుకోవచ్చు. ఇలాంటి గది దొరికినవాడు టీవీ కొనడమంటే గోదారి ఒడ్డున ఉండి బకెట్టు నీళ్లతో స్నానం చేయడం.

ఒకేబొమ్మ | బెంగళూరు | 6 జనవరి, మధ్యాహ్నం 2:02

సరే, అల్ట్రా షార్ట్ త్రో? గోడ పక్కనే టేబుల్ మీద పెట్టేస్తే ఫానూ అడ్డం రాదు, పైపులూ అక్కర్లేదు.

చీకటిగది | గుంటూరు | 6 జనవరి, మధ్యాహ్నం 2:15

దానికి తెర అద్దంలా చదునుగా ఉండాలి, ఏ కాస్త ఉబ్బున్నా గీతలు వంకర పోతాయి. పైనుంచి పడే వెలుతురుని మింగే ప్రత్యేకమైన తెర దానికి జోడీ. ఆ తెర ధరే ఈయన బడ్జెట్‌లో పెద్ద ముక్క తినేస్తుంది. అవి హాళ్ల కోసం చేసినవి.

బాల్కనీక్లాస్ | వరంగల్ | 6 జనవరి, సాయంత్రం 6:30

ల్యూమెన్ల సంగతి వచ్చింది కాబట్టి నా కథ. ఆన్‌లైన్‌లో 9,000 ల్యూమెన్లు, "1080పీ సపోర్ట్" అని ఉంటే ఏడు వేలకి తెప్పించిన. సపోర్ట్ అంటే అంత సైజు ఫైలు మింగుతదని, చూపెడతదని కాదు. లోపలి ప్యానెల్ 800 × 480 చుక్కలే. ట్యూబ్‌లైట్ ఏస్తే బొమ్మ మాయం. పెట్టె మీద ఆన్సీ ల్యూమెన్లో ఐఎస్ఓ ల్యూమెన్లో (ప్రమాణం ప్రకారం కొలిచినవి) అని లేకపోతే ఆ అంకెని ఫోన్ నంబరు అనుకోండి.

ఎడిసన్‌బేస్‌మెంట్ | న్యూజెర్సీ | 7 జనవరి

మాది ఇక్కడ బేస్‌మెంట్ థియేటర్. టెక్సస్‌లో మావాళ్లకి బిల్డర్లే పైఅంతస్తులో మీడియా రూమ్ ఇస్తారు, మాకు నేలమాళిగే గతి. ఏడడుగుల ఎత్తు, అందులోనే ఏసీ డక్టులు. కానీ కిటికీల్లేవు, అదే వరం.

మీ నాన్నగారి మాట చదివి ఒకటి గుర్తొచ్చింది. హాళ్లలో స్పీకర్లు తెర వెనక ఉంటాయి, తెరకి సన్నటి చిల్లులుంటాయి. నేను అదే చేశాను. నేత తెర, శబ్దం దాటిపోయే రకం. మాట నటుడి నోట్లోంచే వస్తుంది, సెంటర్ స్పీకరు కింద పెట్టిన వాళ్లలా బొడ్డులోంచి కాదు. కాకపోతే కొంత వెలుతురు వెనక్కి పోతుంది, తెర వెనక అడుగు చోటు కావాలి. ఒక హెచ్చరిక: ఇక్కడ కొని ఇండియాకి మోసుకెళ్తామనే చుట్టాల్ని ఆపండి. కరెంటుకి ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ వారంటీ చాలావాటికి అక్కడ చెల్లదు.

సొంతచేత్తో | తెనాలి | 7 జనవరి, రాత్రి 9:00

తెరకి ముప్పై వేలు పోయక్కర్లేదు. టేకు రీపర్లతో ఫ్రేము, బ్లాకవుట్ కర్టెన్ల వెనక వేసే తెల్ల గుడ్డ, అంచుకి నల్ల వెల్వెట్. జాగ్రత్త ఒక్కటే, గుడ్డ పన్నా. 110 తెర ఎత్తు 54 అంగుళాలు. 54 పన్నా గుడ్డ తెస్తే ఫ్రేము చుట్టూ మడిచి కొట్టడానికి మిగలదు, అతుకు వేస్తే ఆ కుట్టు ప్రతి సినిమాలో హీరోయిన్ నుదుటి మీద కనిపిస్తుంది. 60 పైన పన్నా అడగండి. చవక మోటారు తెరలు మాత్రం వద్దు. పక్కలకి లాగిపట్టే తీగ లేని రకం ఏడాదికి అలలు తేలుతుంది, కెమెరా అడ్డంగా తిరిగితే భవనాలు ఊగుతాయి.

చీకటిగది | గుంటూరు | 7 జనవరి, రాత్రి 9:25

సొంతచేత్తో మాస్టారి సలహా బంగారం. బూడిద తెరలు, ఎక్కువ గెయిన్ (పడ్డ వెలుతురుని మన వైపు తిప్పికొట్టే శక్తి) ఉన్న తెరలు చూపిస్తారు, మీకు అక్కర్లేదు. చీకటి గదికి గెయిన్ 1.0 మాట్ తెల్ల తెర చాలు. ఏ తెరా కొనకముందు నెల రోజులు గోడ మీదే వేసి చూడండి. సైజు మీద మనసు మారితే గోడ ఏమీ అనదు.

విశాఖవైరింగ్ | విశాఖపట్నం | 8 జనవరి, ఉదయం 7:45

రంగులు వేయించే ముందే గోడ కొట్టే పనులు అవ్వాలి. నేను ఇళ్ల వైరింగే చేస్తాను, కాబట్టి ఇది నా వంతు.

ప్రొజెక్టరు చోటు నుంచి ఆంప్ (స్పీకర్లని నడిపే పెట్టె) చోటుకి రెండంగుళాల పీవీసీ పైపు వేయించండి, వంపులు తక్కువగా. లోపల ఒక లాగుడు తీగ ఎప్పటికీ వదిలేయండి. పది మీటర్లు దాటితే మామూలు రాగి హెచ్‌డీఎంఐ 4కేకి మొరాయిస్తుంది, ఆప్టికల్ కేబుల్ వేయండి. దానికి తల, తోక ఉంటాయి. ఒక కొస మీద సోర్స్ అని, రెండో కొస మీద డిస్‌ప్లే అని రాసుంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు. ఒక ఇంట్లో తిరగేసి లాగేసి సీలింగ్ మూసేశాం, ఆ సాయంత్రం ఎలా గడిచిందో అడక్కండి.

బల్బు మిషన్ అయితే చిన్న యూపీఎస్ తప్పదు. కరెంటు పోతే బల్బు చల్లబరిచే ఫాను కూడా ఆగిపోతుంది, ఆ వేడికి బల్బు ఆయుష్షు తగ్గుతుంది. మేడ మీద గది కదా, చాలా ప్రొజెక్టర్లకి గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని మాన్యువల్లోనే ఉంటుంది. మే నెలలో మీ రాజమండ్రిలో ఏసీ అరగంట ముందే వేయాలి. పైన స్లాబుకి తెల్ల కూల్‌రూఫ్ పూత కొట్టించండి.

ఆఖరుది: తెర పై ఎడమ మూలన ఒక ప్లగ్ పాయింటు వదలండి. ఎందుకని అడగొద్దు. ఎప్పుడో ఒకప్పుడు కావాలి.

గోదారిగట్టు | రాజమండ్రి | 9 జనవరి, రాత్రి 10:00

బుర్ర తిరిగిందండి, కానీ అర్థమైంది. ఆర్డర్ పెట్టలేదు. షాపాయన రెండుసార్లు ఫోన్ చేశాడు.

కొత్త చిక్కు. తెర వచ్చేది తూర్పు గోడకి. కిటికీ మూసేస్తామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, తూర్పు కిటికీ మూస్తే ఇంటికి మంచిది కాదంట. నాన్నని అడిగితే, "ముందు గోడ చూడరా, హాలు చీకటి కాకుండా ఏ ఆపరేటరూ రీలు ఎక్కించడు" అన్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు.

నైజాంనవాబు | హైదరాబాద్ | 9 జనవరి, రాత్రి 10:12

మూయకు, దాచు. కిటికీ తలుపులు అట్లనే ఉంచి లోపల్నుంచి ప్లైవుడ్ పలక, దాని ఎనక రాక్‌వూల్ (సప్పుడు మింగే దూది లెక్క ఉంటది), అంచుకి వెల్వెట్. మాగ్నెట్ క్యాచులతోని పెట్టు. పొద్దుగాల తీసేయ్, రాత్రి పెట్టెయ్. ఫ్రేము తెరని కబ్జాల మీద తలుపు లెక్క తెరిచేటట్టు చేయించు. అమ్మకి సూర్యుడు, నాయినకి చీకటి.

ఇంకో ముచ్చట. హైదరాబాద్ వస్తే షోరూంల డెమో చూడు, కానీ ఒక్కనివి రాకు. ఇంట్లవాళ్లందరినీ తీస్కరా. ఒకే చిప్పున్న డీఎల్‌పీల రంగుల చక్రం తిరుగుతది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని ఎంబడి ఒకటి. కొందరి కళ్లకి ఆ రంగులు విడివిడిగ మెరుస్తయ్. నల్ల తెర మీద తెల్ల టైటిల్స్ పడ్డప్పుడు చూపు పక్కకి తిప్పమను, తెలుస్తది.

గోదారిగట్టు | రాజమండ్రి | 2 ఫిబ్రవరి, రాత్రి 9:15

నవాబ్ అన్నా, మీకు ఎంత రుణపడ్డానో. పోయిన శనివారం వెళ్లాం. నాకూ నాన్నకీ డీఎల్‌పీ బొమ్మ అద్భుతంగా కనిపించింది, కత్తిలా. రెండో నిమిషంలో మా ఆవిడ "ఆ అక్షరాల పక్కన ఇంద్రధనుస్సులేంటి?" అంది. నాకు ఒక్కటీ కనపడలేదు. ఆమె పావుగంటకి తలనొప్పి అని బయటికి వెళ్లిపోయింది. సంక్రాంతికి కొనేసి ఉంటే ఈపాటికి అది అమ్మకానికి ఉండేది.

తర్వాత మూడు ప్యానెళ్ల ఎల్‌సీడీ మిషన్ చూశాం, చక్రం లేనిది. లెన్సు త్రో 1.32 నుంచి 2.15 దాకా, లెన్స్ షిఫ్ట్ పైకీ కిందికీ తెర ఎత్తులో 60 శాతం. చీకటిగది గారూ, లెక్క నేనే వేశాను, తప్పుంటే దిద్దండి. 192ని 96తో భాగిస్తే 2.0, లోపలే ఉంది. కాబట్టి వెనక గోడకే బిగించొచ్చు. తెర కింది అంచు 26 అంగుళాల దగ్గర పెడితే మధ్యభాగం 53. షిఫ్టు 54లో 60 శాతం అంటే 32. అంటే లెన్సు 85 అంగుళాల ఎత్తు దాటకూడదు. లెన్సు ఏడడుగుల దగ్గర వచ్చేటట్టు షెల్ఫు కొట్టిస్తాను. ఫాను రెక్కలు ఎనిమిదిన్నర దగ్గర, కిరణం వాటి కింద నుంచి పోతుంది.

చీకటిగది | గుంటూరు | 2 ఫిబ్రవరి, రాత్రి 9:50

దిద్దడానికేమీ లేదు. రెండు సంగతులు తెలిసి కొనండి. ఒకటి, జూమ్ చివరి వైపు వాడుతున్నారు, అక్కడ వెలుతురు కొంత పోతుంది. 576 చాలు అన్నాం కాబట్టి ఇబ్బంది లేదు. రెండు, ఈ తరగతి మిషన్లలో 4కే అంటే అచ్చమైన 4కే కాదు, 1080పీ ప్యానెల్‌ని రెండు చోట్లకి కదిపి వేస్తారు. చిన్న డీఎల్‌పీ చిప్పులు నాలుగు చోట్లకి కదుపుతాయి. అచ్చమైనది సోనీ, జేవీసీల ఎల్‌కాస్ అనే ఇంకో రకం మిషన్లలో దొరుకుతుంది, నలుపు కూడా వాటిదే నలుపు. ధర చూస్తే మన మొహమే నలుపు. 11 అడుగుల దూరం నుంచి ఈ తేడా కన్నా మీ గోడ రంగు తేడా పెద్దది.

బల్బు మామూలు మోడులో 3,500 గంటలు అనుకున్నా, రోజుకి రెండు గంటలు చూస్తే దాదాపు ఐదేళ్లు. లేజర్ 20,000 గంటలు వస్తుంది గానీ ఆ తేడా డబ్బుతో స్పీకర్లు వస్తాయి. గదిలో చప్పట్లు కొట్టి చూడండి, టైల్స్ మీద టంగుమంటుంటే ముందు మందపాటి కార్పెట్, పక్క గోడలకి రెండంగుళాల రాక్‌వూల్ పలకలు. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే వాళ్లకి ఆమ్లెట్ పెట్టి పంపించేయండి.

గోదారిగట్టు | రాజమండ్రి | 19 ఏప్రిల్, రాత్రి 11:30

అయిపోయిందండి! ఆలస్యానికి కారణం వడ్రంగి, ఆయన కూతురి పెళ్లి.

తెర సొంతచేత్తో మాస్టారు చెప్పినట్టే, 66 పన్నా గుడ్డ. కబ్జాల మీద తెరుచుకుంటుంది, అమ్మ రోజూ పొద్దున తెరిచి సూర్యుడికి దణ్ణం పెట్టి మూస్తుంది. గోడలు ముదురు బూడిద. పెయింటరు మూడుసార్లు అడిగాడు, "ఇది ప్రైమరా సార్?" అని. ఖర్చు నాలుగు లక్షల ముప్పై వేలు అయింది. మా ఆవిడకి తెలిసిపోయింది.

ఇక నాన్న. మొదటిరోజు ఆయన సోఫాలో కూర్చోలేదు. తెర దగ్గరికి వెళ్లి నాలుగు మూలలూ చూశారు, చేత్తో ఫోకస్ తిప్పమన్నారు. "ఎడమ పైమూల మెత్తగా ఉంది" అన్నారు. నిజంగానే ఉంది, మిషన్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంది. షెల్ఫు కింద అట్టముక్క పెడితే సర్దుకుంది. తర్వాత 1950ల నాటి బొమ్మ వేయమన్నారు. తెలుగులో సినిమాస్కోప్ (వెడల్పాటి బొమ్మ) 1974లో అల్లూరి సీతారామరాజుతో మొదలైంది కదా, అంతకు ముందువి పలకలా ఉంటాయి. మా తెర మీద ఆరడుగుల వెడల్పే వచ్చి, రెండు పక్కలా అడుగు చొప్పున బూడిదరంగు ఖాళీ. ఆయనకి అది నచ్చలేదు. పక్కలు నల్లగా మూసుకోవాలన్నారు. టైటిల్స్‌కి ముందు పరదా లేవాలన్నారు. "పరదా లేకుండా బొమ్మ వేస్తే జనం ఈలెప్పుడు వేస్తారు?" అంటున్నారు.

రెండు పక్కల నుంచి వచ్చే నల్ల వెల్వెట్ పరదా, మోటారు ట్రాకు మీద, కావలసినంత దగ్గర ఆగేటట్టు. ఇంట్లో ఎవరైనా పెట్టించారా?

ఎడిసన్‌బేస్‌మెంట్ | న్యూజెర్సీ | 19 ఏప్రిల్

మా దగ్గర ఉంది. మామూలు మోటారు కర్టెన్ ట్రాకే, మధ్యలో ఆపే రిమోట్ ఉన్న రకం తీసుకోండి. వెల్వెట్ బరువు కాబట్టి ఎన్ని కిలోలు లాగుతుందో చూసి కొనండి. ముడతల కోసం గుడ్డ తెర వెడల్పుకి రెట్టింపు తీసుకోవాలి.

విశాఖవైరింగ్ | విశాఖపట్నం | 20 ఏప్రిల్, ఉదయం 7:30

ట్రాకు మోటారు పై మూలన కూర్చుంటుంది. ఎడమ మూలన ప్లగ్ పాయింటు వదలమన్నాను, వదిలారా?

గోదారిగట్టు | రాజమండ్రి | 20 ఏప్రిల్, ఉదయం 8:10

అన్నీ చేశానండి, ఆ ఒక్కటీ మానేశాను. గోడ కొట్టే మేస్త్రీ రేపొస్తానన్నాడు.